చీలమండ విరిగితే: మొదటి గంట నుంచి మొదటి ఏడాది దాకా

తడి బాత్రూంలో జారినా, బైకు పక్కకు ఒరిగి కాలు కింద ఇరుక్కున్నా, మెట్టు తప్పి పాదం మెలిపడినా ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: బెణికిందా, విరిగిందా? వాపు చూసి తేల్చలేం. బెణుకుకే విపరీతంగా వాచిన కాళ్లుంటాయి, విరిగినా కొద్దిపాటి వాపుతో ఉండే కాళ్లూ ఉంటాయి. వేళ్లు కదులుతున్నాయి కదా, ఎముక బాగానే ఉందిలే అనుకోవడమూ పొరపాటే. వేళ్లను కదిపే పెద్ద కండరాలు పిక్కలో ఉంటాయి. కింద చీలమండ విరిగినా వాటి పని అవి చేసుకుపోతాయి.

దీనికి 1992లో కెనడాలోని ఒటావా వైద్యులు ఒక సులువైన పద్ధతి చెప్పారు. చీలమండకు లోపల ఒకటి, బయట ఒకటి బుడిపెలుంటాయి. ఒక్కో బుడిపె కొసనూ, దాని వెనక అంచును కొస నుంచి పైకి 6 సెం.మీ. వరకూ వేలితో మెల్లగా నొక్కుతూ వెళ్లండి. ఎముక మీదే నొప్పి కలుక్కుమంటే ఎక్స్‌రే తీయించాలి. దెబ్బ తగిలిన వెంటనే వేయలేక, ఆస్పత్రికి వెళ్లాక కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే కావాల్సిందే. పాదం విషయంలో మరో రెండు చోట్లు నొక్కి చూడండి: చిటికెన వేలి వైపు అంచున పాదం మధ్యలో తగిలే ఎముక మొదలు, లోపలి వైపు పాదం వంపు పైన ఉండే ఎముక. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లను, మద్యం మత్తులో ఉన్నవాళ్లను ఈ పరీక్ష చేసి వదిలేయకూడదు. వాళ్లకు నొప్పి తెలియదు, కాబట్టి నేరుగా ఎక్స్‌రేకే పంపాలి.

మొదటి గంట

ముందుగా చెప్పులు, పట్టీలు, మెట్టెలు తీసేయండి. వాపు ఎక్కాక మెట్టె రాదు, వేలికి రక్తం ఆగితే చివరికి కోసి తీయాల్సి వస్తుంది. ఒక మెత్తటి దిండును పాదం కింద నుంచి పిక్క రెండు పక్కలకూ చుట్టి, మూడు చోట్ల చున్నీతోనో తువ్వాలుతోనో కట్టండి. దారిలో కాలు కదలకుండా ఉండటానికి అట్టముక్కలకన్నా ఇదే మేలు. ఐసును గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టి తీయండి. తోమడం, లాగడం, నూనె రాయడం వద్దు. పసుపూ సున్నం పట్టు, ఆకు పసర్లు అసలే వద్దు. వాటివల్ల చర్మం కమిలితే రేపు సర్జన్ కోత పెట్టాల్సింది ఆ చర్మం మీదే. చీలమండ దగ్గర చర్మం కింద కండ ఉండదు, చర్మం తీశాక నేరుగా ఎముకే. ఈ వైద్యమంతటిలో ఎముక ఎంత ముఖ్యమో చర్మమూ అంతే ముఖ్యం.

పాదం పక్కకు తిరిగిపోయినా, లోపలి బుడిపె మీద చర్మం తెల్లగా బిగిసినా, వేళ్లు చల్లబడినా, గాయంలోంచి ఎముక కనిపించినా కాసేపు చూద్దాంలే అనుకోకండి. 108కి ఫోన్ చేయండి. అది జారిన కీలు కావచ్చు. ఆపరేషన్ ఎప్పుడు జరిగినా సరే, కీలును మాత్రం వీలైనంత త్వరగా మత్తిచ్చి యథాస్థానంలోకి తేవాలి. గంటల తరబడి అలాగే వదిలేస్తే బిగిసిన ఆ చర్మం నల్లబడి చచ్చిపోతుంది. పుండు పడి ఎముకకు గాలి తగిలితే శుభ్రమైన తడిగుడ్డ కప్పండి, లోపలికి ఏమీ తోయకండి. ఆస్పత్రిలో మొదటి గంటలోపే యాంటీబయాటిక్, టెటనస్ ఇంజెక్షన్ పడేలా అడగండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి దారిలో టీ, బిస్కెట్లు పెట్టకండి.

నాటుకట్టు సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే చాలా కుటుంబాల్లో మొదటి ఆలోచన అటే పోతుంది. పుత్తూరు కట్టుకు మన ప్రాంతంలో తరాల నమ్మకం ఉంది. ఎముక తనంతట తానే అతుక్కునే చోట కట్టు నిలబెడుతుంది, నిజమే. కానీ చీలమండ విరగడమంటే కీలు విరగడం. అక్కడ కావాల్సింది అతుక్కోవడం ఒక్కటే కాదు, మిల్లీమీటరు తేడా లేకుండా అతుక్కోవడం. చేత్తో తడిమి ఎవరూ దాన్ని సరిచూడలేరు. పైగా వాపు ఎక్కుతున్న కాలికి బిగుతు కట్టు పడితే రక్తప్రసరణ ఆగే ప్రమాదముంది. మూడు నాలుగు వారాలు కట్టులో గడిపి, తగ్గలేదని ఆస్పత్రికొస్తే అప్పటికి ఎముక వంకరగా సగం అతుక్కుని ఉంటుంది. అప్పుడు మళ్లీ విడదీసి సరిచేయాలి. అది మరింత పెద్ద ఆపరేషన్, ఫలితమూ మొదట్లో చేసినంత బాగుండదు.

ఆపరేషన్ ఎవరికి కావాలి

చీలమండ కీలు వడ్రంగి చేసే కుసురూ బెజ్జంలా ఉంటుంది. పిక్కలోని పెద్ద ఎముక, దాని బయటి పక్కన సన్న ఎముక కలిసి బెజ్జం. మధ్యలో కూర్చునే టాలస్ ఎముక కుసురు. ఒంటి బరువంతా ఆ బిగింపు మీద నడుస్తుంది. టాలస్ బయటికి 1 మి.మీ. జరిగినా ఎముకలు ఒకదానికొకటి ఆనే వైశాల్యం 42 శాతం తగ్గుతుందని 1976లో రామ్‌సే, హామిల్టన్ అనే పరిశోధకులు చూపించారు. అదే బరువు తక్కువ చోట పడితే అక్కడి మృదులాస్థి (ఎముకల కొసల మీద ఉండే నున్నటి పొర) అరిగిపోతుంది. ఆపరేషన్ చేయాలా వద్దా అన్న లెక్కంతా టాలస్ తన చోట ఉందా, బరువు పడ్డాక కూడా ఉంటుందా అన్నదాని మీదే నడుస్తుంది.

అందుకే ఎక్స్‌రే మూడు కోణాల్లో ఉండాలి: ఎదురుగా, పక్కగా, పాదాన్ని సుమారు 15–20 డిగ్రీలు లోపలికి తిప్పి. ఈ మూడోదాన్ని మోర్టిస్ వ్యూ అంటారు, కీలు చుట్టూ ఉండే సందు సమానంగా ఉందో లేదో అందులోనే స్పష్టంగా తెలుస్తుంది. రెండు ఫిల్ములే చేతిలో పెడితే మూడోది అడగండి. కీలు వెనక అంచు కూడా విరిగినట్టుంటే సీటీ స్కాన్ ఖర్చు వృథా కాదు. ఆ ముక్క ఎంతుందో, ఎటు తిరిగిందో ఎక్స్‌రేలో సరిగా తెలియదు.

బయటి సన్న ఎముక ఒక్కటే విరిగి, లోపలి వైపు లిగమెంటు (ఎముకలను కలిపి పట్టే గట్టి పట్టీ) గట్టిగా ఉండి, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో టాలస్ కదలకపోతే కత్తి అక్కర్లేదు. వాకింగ్ బూటుతోనో, పిండికట్టుతోనో ఆరు వారాల్లో మానుతుంది. రెండు వైపులా విరిగినా, వెనక అంచుతో కలిపి మూడూ విరిగినా, కీలు జారినా, రెండు ఎముకలను కలిపి పట్టుకునే పైలిగమెంటు తెగినా సాధారణంగా ఆపరేషనే దారి. అరవై దాటినవాళ్లకు మాత్రం మరో మాట. కాలికి అంటిపెట్టుకునేలా థియేటర్లో మత్తిచ్చి వేసే ప్రత్యేక పిండికట్టును ఆపరేషన్‌తో పోల్చి బ్రిటన్‌లో 620 మంది మీద ఒక పరిశోధన చేసి, 2016లో ప్రచురించారు. ఆరు నెలలకు నడక, పనులు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. కట్టు వేసినవాళ్లలో కొందరికి ఎముక జరిగి తర్వాత ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. చర్మం పలచబడిన పెద్దాయనకు ఆపరేషన్ తప్పదన్నప్పుడు ఈ కట్టు కుదురుతుందా అని అడగడంలో తప్పులేదు.

ముడతలు పడేదాకా ఆగడం

ఈ రోజే ఆపరేషన్ చేయించండి అని పట్టుబట్టే బంధువులు ఇక్కడ మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తారు. దెబ్బ తగిలిన మొదటి ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వాపు ఎక్కకముందే చేస్తే సరే. ఆ సమయం దాటితే వాపు దిగేదాకా ఆగాలి, మామూలుగా 5 నుంచి 10 రోజులు. ఉబ్బిన చర్మాన్ని కోస్తే కుట్లు దగ్గరికి రావు, వచ్చినా అంచులు నల్లబడి విచ్చుకుంటాయి, లోపలి ప్లేటు బయటపడుతుంది. ఎప్పుడు సిద్ధమో చర్మమే చెబుతుంది: బయటి బుడిపె చుట్టూ నిగనిగలాడే మెరుపు పోయి, పాదాన్ని కొంచెం పైకి వంచినప్పుడు సన్నటి ముడతలు పడాలి. నీటి పొక్కులు లేస్తే చిదమకండి. నీరు తేటగా ఉంటే పైపొర దెబ్బతిన్నట్టు, ఎర్రగా ఉంటే ఇంకా లోతుగా దెబ్బతిన్నట్టు. అలా అని నెలల తరబడి ఆగకూడదు. రెండు మూడు వారాలు దాటితే ముక్కలు కదలక సర్జన్‌కు కష్టమవుతుంది.

ఆ రోజుల్లో వాపు దించేది మందులకన్నా కాలి ఎత్తు. కుర్చీలో కూర్చుని స్టూలు మీద కాలు పెడితే చాలదు. పడుకుని, మడమ గుండెకన్నా ఎత్తులో ఉండేలా పిక్క కింద మూడు దిండ్లు పెట్టాలి. మడమ మాత్రం దిండుకు ఆనకుండా గాల్లో ఉండాలి, లేదంటే అక్కడ పుండు పడుతుంది. రోజులో ఎక్కువ భాగం అలాగే. మోకాలు, తుంటి, వేళ్లు కదుపుతూనే ఉండండి.

షుగరుంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడుతుంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. వాటిని మామూలుగా ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు ఆపిస్తారు. రక్తం పలచబరిచే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. సిగరెట్, బీడీ, గుట్కా ఆపేయండి. నికోటిన్ వల్ల చర్మానికీ ఎముకకీ రక్తం తగ్గుతుంది, కుట్లు మానకపోవడానికి మనం తప్పించగల పెద్ద కారణం అదే. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డుంటే ఆ ఆస్పత్రిలో ఈ ప్యాకేజీ ఉందో లేదో అడ్మిషన్‌కు ముందే హెల్ప్‌డెస్క్‌లో తేల్చుకోండి. రోడ్డు ప్రమాదమైతే ఆస్పత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నమోదు చేయించండి, బీమాకు తర్వాత అదే ఆధారం.

థియేటర్లో ఏం జరుగుతుంది

ఎక్కువమందికి వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింది భాగానికి మత్తిస్తారు. అన్నం మానేసి ఆరు గంటలు, నీళ్లు మానేసి రెండు గంటలు కావాలి. కోత పెట్టే ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. తొడకు గాలిపట్టీ బిగించి రక్తం ఆపుతారు.

బయటి ఎముకను ముందు దాని పూర్తి పొడవుకు తెస్తారు. ఇది చాలా కీలకం. అది 2 మి.మీ. కురచైనా టాలస్ బయటికి వాలుతుంది. ముక్కలను 3.5 మి.మీ. స్క్రూతో ఒకదానికొకటి నొక్కి పట్టి, మీద పలచటి ప్లేటు వేస్తారు. లోపలి బుడిపెకు సాధారణంగా 4 మి.మీ. స్క్రూలు రెండు, ముక్క చిన్నదైతే వైర్లు. చివరగా బయటి ఎముకను కొక్కెంతో పక్కకు లాగి సీ-ఆర్మ్‌లో (థియేటర్లోనే వాడే ఎక్స్‌రే యంత్రం) చూస్తారు. రెండు ఎముకల మధ్య సందు తెరుచుకుంటే పైలిగమెంటు తెగినట్టు. అప్పుడు కీలుకు సుమారు 2 సెం.మీ. పైన, ముందుకు 25–30 డిగ్రీల వాలుతో ఒకటి రెండు స్క్రూలు గానీ, గట్టి దారంతో చేసే బటన్ బిగింపు గానీ వేస్తారు. స్టీలు ప్లేటు బాగుంటుందా, టైటానియమా అని చాలామంది అడుగుతారు. చీలమండ ఫలితం లోహాన్ని బట్టి మారదు. ఖర్చు ఎక్కువ పెట్టాలనుకుంటే మంచి సీ-ఆర్మ్, అనుభవమున్న చేయి ఉన్న చోట పెట్టండి.

మొదటి రెండు వారాలు

పాదం పిక్కకు లంబంగా, 90 డిగ్రీల్లో ఉండేలా వెనక స్లాబ్ (కాలి వెనక వైపు మాత్రమే ఉండే పిండికట్టు) వేసి పంపుతారు. పాదం వేళ్లు కిందికి వాలి బిగిసిపోతే ఆ తర్వాత మడమ నేలకు ఆనదు. కాబట్టి స్లాబ్ వదులై పాదం జారుతుంటే ఫోన్ చేసి మార్పించుకోండి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

మళ్లీ అదే సంగతి: కాలు ఎత్తులో ఉండాలి. కిందికి దించగానే వేళ్లు ఊదారంగుకి మారి, పోటు మొదలవుతుంది. పైకి పెట్టగానే తగ్గితే భయం లేదు. మాత్రలు వేసుకున్నా తగ్గకుండా పెరుగుతూ, ఎవరైనా వేళ్లను పైకి లాగితే ప్రాణం పోయినంత నొప్పి వస్తే అది కట్టు బిగుతో, కండరాల గదిలో ఒత్తిడో. అర్ధరాత్రైనా ఆస్పత్రికే వెళ్లాలి. పిక్క ఒకవైపే గట్టిపడి నొప్పి పెడితే, ఆయాసమో ఛాతీలో పోటో వస్తే రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే చూపించాలి.

తిండి విషయంలో మన ఇళ్లలో పథ్యం పేరుతో పప్పు మాన్పిస్తారు, కుట్లకు చీము పడుతుందని. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి రోజుకు 60–70 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటాయి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం ఏది అలవాటైతే అది పెట్టండి. చారన్నంతో నెట్టుకొస్తే కుట్లు ఆలస్యంగా మానతాయి.

వాకరు పిడి మణికట్టు మడత ఎత్తుకు రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. పైఅంతస్తులో ఇల్లుంటే మొదటి వారం మెట్ల మీద కూర్చుని, చేతులతో ఒక్కో మెట్టే జరగడం క్షేమం. ఈ ఆరు వారాల్లో రెండోసారి పడేది ఎక్కువగా బాత్రూంలోనే. ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చుని స్నానం చేయండి, స్లాబ్‌కు కవరు తొడిగి దాన్ని బయట పెట్టండి. నేలమట్టం మరుగుదొడ్డి అయితే మధ్యలో రంధ్రమున్న కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. ఒంటికాలి మీద గొంతుక్కూర్చోవడం కుదరని పని.

కుట్లు 10–14 రోజులకు తీస్తారు, షుగరున్నవాళ్లకు మూడు వారాల దాకా ఉంచడం మంచిది.

బరువు ఎప్పుడు మోపాలి

ఆరు వారాలు అడుగు ఆనించొద్దన్నది పాత పద్ధతి, ఇప్పటికీ చాలాచోట్ల అదే. 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధన ప్రకారం రెండు వారాలకే బూటు వేసి నడిపించినవాళ్లూ ఆరు వారాలు ఆగినవాళ్లకు తీసిపోలేదు. అలా అని ఇది చదివి నడక మొదలుపెట్టకండి. మీ ఎముక ఎంత గట్టిగా బిగిసిందో తెలిసింది సర్జన్‌కే. ఆయన్నే సూటిగా అడగండి: ఏ తేదీ నుంచి, ఎంత బరువు? పైలిగమెంటుకు స్క్రూ వేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. పాదం మొద్దుబారిన షుగరు రోగికి ఈ గడువులన్నీ దాదాపు రెట్టింపు. నొప్పి తెలియక నడిచేస్తే ప్లేట్లు విరిగి, కీలే కుప్పకూలుతుంది.

సగం బరువు మోపమంటే ఎవరికీ అంచనా దొరకదు. ఇంట్లో బరువు తూచే మిషన్ ఉంటే వాకరు పట్టుకుని దెబ్బ కాలు దాని మీద పెట్టి, ముల్లు 20 కిలోలు చూపేదాకా నొక్కండి. నాలుగైదుసార్లు చేస్తే ఆ ఒత్తిడి పాదానికి గుర్తుండిపోతుంది.

బిగువు వదిలించడం

కుట్లు తీశాక, సర్జన్ సరేనంటే, రోజుకు నాలుగైదుసార్లు స్లాబ్ తీసి బొటనవేలితో గాల్లో అ నుంచి అః దాకా రాయండి. మోకాలు కదలకూడదు, రాసేది చీలమండే. కాలు చాపి పాదానికి తువ్వాలు వేసి 30 సెకన్లు ఒంటి వైపు లాగండి, మూడుసార్లు. అన్నిటికన్నా మొండిగా బిగిసేది పాదాన్ని పైకి వంచే కదలికే. గొంతుక్కూర్చోవడానికి, మెట్లు దిగడానికి అదే కావాలి.

పూర్తి బరువు మోపాక గోడ పరీక్ష చేయండి. పాదాన్ని గోడకు ఎదురుగా పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తగిలించాలి. బొటనవేలికీ గోడకూ మధ్య దూరం రెండు కాళ్లకూ కొలిచి, వారానికోసారి రాసుకోండి. ఆ తేడా తగ్గుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు. తర్వాత ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం, ఆపైన ఒంటికాలి మునివేళ్ల మీద లేవడం. ఇది పది సార్లు చేయగలిగేదాకా పరుగు వద్దు. బాసింపట్టు వేసుకుంటే బయటి బుడిపె నేలకు నొక్కుకుంటుంది, ప్లేటు సరిగ్గా అక్కడే ఉంటుంది. మొదటి మూడు నెలలు కుర్చీయే మేలు.

కుర్చీలో చేసే ఉద్యోగానికి, కాలు ఎత్తులో పెట్టుకునే వీలుంటే, రెండు నుంచి ఆరు వారాలు. రోజంతా నిలబడే పనికి మూడు నాలుగు నెలలు. పొలం గట్ల మీద, దమ్ము మడిలో నడకకు ఐదారు నెలలు. కుడి కాలికి ఆపరేషన్ జరిగినవాళ్లకు కారు బ్రేకు తొక్కే వేగం మామూలు స్థితికి రావడానికి సుమారు తొమ్మిది వారాలు పడుతుందని పరీక్షల్లో తేలింది. బైకైతే బండి ఒరిగినప్పుడు హఠాత్తుగా నేల మీద కాలు ఆనించి ఆపాలి, మూడు నెలల ముందు ఆ సాహసం చేయకండి.

ఫలితం ఎలా ఉంటుంది

చాలామందికి బాగానే ఉంటుంది. న్యూయార్క్ వైద్యులు 198 మందిని ఏడాదిపాటు గమనించి 2006లో చెప్పిన లెక్కలో 88 శాతం మందికి నొప్పి లేదు లేదా కొద్దిగానే ఉంది. 90 శాతం మందికి ఏ ఇబ్బందీ లేకపోవడమో, ఆటల్లాంటి వాటిలో మాత్రమే ఇబ్బందో. మెరుగుదలలో పెద్ద వాటా మొదటి ఆరు నెలల్లోనే వస్తుంది, మిగిలింది ఏడాది దాకా నెమ్మదిగా. సాయంత్రానికి కాలు వాయడం మాత్రం ఆరు నెలలో, ఏడాదో ఉంటుంది. ఆ వాపు చూసి ఆపరేషన్ చెడిందనుకోనక్కర్లేదు. చలికి, వానకు కాస్త పట్టేసినట్టుండటం, మరీ లోతుగా గొంతుక్కూర్చోలేకపోవడం కొందరికి మిగిలిపోతాయి.

చెడేది ఎక్కువగా మూడు చోట్ల. చర్మం మొదటిది: కుట్ల దగ్గర ఎరుపు పాకినా, తడి ఆగకుండా కారినా, జ్వరం వచ్చినా ఇంటి దగ్గరి మందుల షాపు యాంటీబయాటిక్‌తో సరిపెట్టకుండా ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించండి. కాలిఫోర్నియాలో 57,183 మంది రికార్డులు చూసిన పరిశోధనలో ఇన్ఫెక్షన్ 1.44 శాతం, ముదిరిన షుగరు ఉన్నవాళ్లలో అది కొన్ని రెట్లు ఎక్కువ. రెండోది నరం: పాదం పైభాగం తిమ్మిరిగా ఉంటే కోత పక్కన సాగే సన్నని నరం దెబ్బతిని ఉంటుంది, చాలావరకు నెలల్లో తగ్గుతుంది. మూడోది, బాగా నష్టం చేసేది, కీలు సరిగా కూర్చోకపోవడం. పైలిగమెంటు బిగింపులో తేడా ఎక్స్‌రేకు దొరక్కుండా పోవచ్చు. మూడు నెలలు దాటినా కీలు ముందువైపు పోటు, నడకలో నమ్మకం లేకపోవడం ఉంటే ఊరికే మాత్రలు మింగకుండా రెండు చీలమండలకూ కలిపి సీటీ తీయించి పోల్చమని అడగండి. త్వరగా కనిపెడితే సరిచేయవచ్చు. కీలు జారినవాళ్లకు, మూడు చోట్లా విరిగినవాళ్లకు ఎముకలు ఎంత బాగా కూర్చోబెట్టినా కొన్నేళ్లకు అరుగుదల రావచ్చు, ఎందుకంటే దెబ్బ తగిలిన క్షణంలోనే మృదులాస్థి నలిగి ఉంటుంది.

ప్లేట్లు తీయించాలా? ఇబ్బంది పెట్టకపోతే అక్కర్లేదు, జీవితాంతం ఉన్నా ఏమీ కాదు. చెప్పు పట్టీ రాసుకుని నొప్పి పుడితే, స్క్రూ తల చర్మం కింద పొడుచుకుంటే, ఏడాది గడిచాక తీయించుకోవచ్చు. పైలిగమెంటు స్క్రూను అందరికీ తీయాల్సిన పనిలేదు, విరిగినా చాలామందికి హాని ఉండదు. తీయాలనుకుంటే మూడు నెలల ముందు వద్దు. ప్లేట్లు తీశాక ఆ రంధ్రాలు పూడేదాకా ఎముక బలహీనంగా ఉంటుంది, కొన్ని వారాలపాటు దూకడం, పరుగు ఆపాలి. డిశ్చార్జి కాగితాల్లో ఇంప్లాంట్ల స్టిక్కర్లుంటాయి, వాటిని ఫోన్‌లో ఫొటో తీసి దాచండి. ఐదేళ్ల తర్వాత వేరే ఊళ్లో తీయించాల్సి వస్తే, ఏ కంపెనీ స్క్రూ, ఏ కొలత అని తెలిస్తేనే ఆ సర్జన్ దానికి సరిపడే స్క్రూడ్రైవర్ ముందుగా తెప్పించుకోగలరు.